మెక్సికో నుంచి అమెరికాకు వలస: నిరుపేద చియాపస్ కాకుండా హలిస్కో, మిచోఅకాన్‌లే ఎందుకు ముందు కదిలాయి?

తూర్పుకనుమ:
అందరికీ నమస్కారం. మెక్సికో వలసల చరిత్ర చదువుతూ రెండు చోట్ల ఆగిపోయాను. పేదరికమే కారణమైతే చియాపస్, ఓహాకా లాంటి నిరుపేద రాష్ట్రాల వాళ్లు ముందు బయల్దేరాలి. దగ్గరితనమే కారణమైతే సరిహద్దును ఆనుకుని ఉన్న సొనోరా, చివావా వాళ్లు వెళ్లాలి. కానీ ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఎక్కువగా వెళ్లింది హలిస్కో, మిచోఅకాన్, గ్వానహువాతో, సకటేకస్ వాళ్లు. వాళ్లకు సరిహద్దు వందల కిలోమీటర్ల దూరం. ఎందుకలా?

రెండోది. అమెరికా 1965 వలస చట్టం జాతి వివక్షను తీసేసిందంటారు. మెక్సికన్లు లక్షల్లో 'అక్రమ వలసదారులు' అయిందీ ఆ చట్టంతోనే అంటారు. రెండూ ఎలా పొసుగుతాయి? ఏళ్లు, అంకెలతో చెప్పగలిగితే మేలు.

పట్టాలపక్కన:
మొదటి ప్రశ్నకు సగం జవాబు రైలు పటంలోనే ఉందండీ. మెక్సికో సిటీ నుంచి సరిహద్దు ఊరు సియుదాద్ హువారెస్ దాకా మెక్సికన్ సెంట్రల్ మార్గం 1884లో పూర్తయింది. అది లియోన్, అగువాస్‌కాలియెంతెస్, సకటేకస్‌ల మీదుగా పోతుంది. 1888లో ఇరపువాతో (గ్వానహువాతో రాష్ట్రం) నుంచి హలిస్కో రాజధాని గ్వాదలహారాకు శాఖ వేశారు. సియుదాద్ హువారెస్‌లో నది దాటితే అవతలి ఒడ్డు ఎల్ పాసో. అక్కడ సదరన్ పసిఫిక్, శాంటా ఫే లాంటి అమెరికా కంపెనీల మార్గాలు అప్పటికే కలుస్తున్నాయి. మీరు చెప్పిన రాష్ట్రాలను ఈ పటం మీద పెట్టి చూడండి, చాలావరకు పట్టాల వెంటే ఉంటాయి.

రైలు ఉన్నంత మాత్రాన జనం ఎక్కరు, పిలిచేవాడు ఉండాలి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో పట్టాల పని అంతకుముందు చైనా కూలీలు చేసేవాళ్లు. 1882లో చట్టం తెచ్చి వాళ్ల రాకను ఆపేశారు. 1907లో జపాన్‌తో ఒప్పందం చేసుకుని జపాన్ కూలీలనూ ఆపారు. సరిగ్గా అదే కాలంలో, 1902 న్యూలాండ్స్ చట్టంతో ఎడారి భూములకు ప్రభుత్వ ఖర్చుతో కాలవలు రావడం మొదలైంది. పత్తి, చక్కెర దుంప, కూరగాయల సాగు పెరిగింది. పని పెరిగేవేళకు పనివాళ్ల దారి మూసేశారన్నమాట. ఆ ఖాళీలోకి మెక్సికో కూలీలను తెచ్చినవాడిని స్పానిష్‌లో 'ఎంగాంచదోర్' అంటారు. మాటకు మాట అర్థం చెబితే కొక్కానికి తగిలించేవాడు. మన పాలమూరు వైపు గుంపు మేస్త్రీ ఎలాగో, దాదాపు అలాగే. ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, రైలు ఛార్జీ తానే కడతాడు, తర్వాత ఆ డబ్బును కూలీలోంచి కోసుకుంటాడు. 1905లో డాలర్‌కు 2 పేసోల మారకాన్ని మెక్సికో ఖాయం చేసింది. పల్లెలో రోజంతా ఒళ్లు వంచితే 25 నుంచి 50 సెంతావోలు, అంటే పావు, అర పేసో. అమెరికా పట్టాల మీద రోజుకు డాలర్, డాలరుంపావు. కొక్కెం ఎందుకు పట్టిందో ఈ లెక్కలోనే ఉంది.

పల్లెలో కూలి అంత తక్కువగా ఎందుకుందంటే, భూమి పోయింది. పోర్ఫిరియో డియాస్ ఏలుబడిలో (1876–1911) బంజరు భూముల సర్వే కంపెనీలకు అప్పగించారు. 1883 చట్టం ప్రకారం కొలిచిన భూమిలో మూడో వంతు సర్వే చేసిన కంపెనీకే. కాగితం లేని ఊరుమ్మడి భూములు ఇలా పెద్ద ఎస్టేట్లలో కలిసిపోయాయి. గ్వానహువాతో, హలిస్కో పక్క జనసాంద్రత ఎక్కువ, కూలికి పోటీ ఎక్కువ.

మరి చియాపస్, యుకతాన్? అక్కడి కూలీకి కదిలే వీలే లేదు. కాఫీ తోటల్లో, కిత్తనార తోటల్లో అప్పు పేరిట కట్టేసిన వెట్టి నడిచేది. యజమాని బాకీ తీరే దాకా తోట దాటకూడదు, ఆ బాకీ తీరేదీ కాదు. పైగా యుకతాన్‌కు దేశం నడిబొడ్డుతో రైలు కలిసిందే 1950లో. నిరుపేదలకు ప్రయాణపు ఖర్చు కూడా అందని పండే. సరిహద్దు రాష్ట్రాల సంగతి వేరు. అక్కడ జనం పలుచన, గనుల్లో, పత్తి చేలల్లో కూలి మధ్య మెక్సికో కంటే మెరుగు. బయటివాళ్లే అక్కడికి పనికి వచ్చేవాళ్లు.

ఆపైన 1910–20 విప్లవం, 1926–29 క్రిస్తేరో తిరుగుబాటు వచ్చాయి. చర్చి మీద ప్రభుత్వ ఆంక్షలకు ఎదురు తిరిగిన ఈ రెండో పోరు రగిలింది ప్రధానంగా హలిస్కో, మిచోఅకాన్, గ్వానహువాతోల్లోనే. మెక్సికోలో పుట్టి అమెరికాలో ఉంటున్నవాళ్లు 1900లో సుమారు 1.03 లక్షలు, 1930లో సుమారు 6.4 లక్షలు.

దస్తావేజు:
పట్టాలపక్కన గారి మాటకు చట్టాల వైపు నుంచి కొంత చేర్పు.

మొదట 1848. గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన నేలలో సగం దాకా వదులుకుంది, అమెరికా కోటిన్నర డాలర్లు ఇచ్చింది. అక్కడున్న 80 వేల నుంచి లక్ష మంది మెక్సికన్లు ఒక్క అడుగూ కదలకుండానే పరాయి దేశంలో పడ్డారు. మెక్సికో పౌరులుగానే ఉంటామని ఏడాదిలోగా చెప్పనివాళ్లు అమెరికా పౌరులైనట్టే లెక్క. వీళ్ల సంతతిని 'వలస వచ్చినవాళ్లు' అనకూడదు. ఈ పొరపాటు తెలుగు వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది.

ఇక 1917 చట్టం. పదహారేళ్లు దాటినవాళ్లకు అక్షరాస్యత పరీక్ష, తలకు 8 డాలర్ల పన్ను పెట్టారు. అదే చట్టం 'ఆసియా నిషేధ మండలం' గీసి భారతీయ కూలీలను పూర్తిగా ఆపేసింది. కొన్ని నెలలు కూడా తిరగకుండానే, రైతుల ఒత్తిడితో మెక్సికన్ వ్యవసాయ కూలీలకు ఆ పరీక్ష, పన్ను రెండింటి నుంచీ మినహాయింపు ఇచ్చారు. తర్వాత రైలు, గని పనులకూ పొడిగించారు. 1921 దాకా అది నడిచింది. ఒకే చట్టం కింద మనవాళ్లకు గోడ, మెక్సికన్లకు పెరటి తలుపు.

దేశానికి ఇంతమందే అని గీత గీసిన 1924 కోటా చట్టం మెక్సికోకు వర్తించిందని కొందరు రాస్తారు. తప్పు. పశ్చిమార్ధగోళ (ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల) దేశాలకు ఆ కోటాలు లేవు. కానీ వీసాకు 10, తలపన్ను 8, మొత్తం 18 డాలర్లు కట్టాలి. రోజుకు డాలరో రెండో సంపాదించేవాడికి అది చిన్న మొత్తం కాదు, అందుకే నది దాటేవాళ్లు పెరిగారు. సరిహద్దు గస్తీ దళం పుట్టింది కూడా 1924 మే నెలలోనే. 1929 మార్చిలో ఇంకో చట్టం వచ్చింది: అనుమతి లేకుండా దాటడం నేరం, పంపేశాక మళ్లీ దాటితే మరింత పెద్ద నేరం. అదే సమయంలో కాన్సులేట్లు 'ప్రభుత్వానికి భారమయ్యే అవకాశం' అన్న పాత నిబంధనను బిగించి వీసాలు నిరాకరించడం మొదలుపెట్టాయి. కోటా పెట్టకుండానే తలుపు మూశారు.

1930ల మాంద్యంలో జరిగింది మరీ ఘోరం. 4 లక్షల నుంచి 10 లక్షలకు పైగా మనుషులను రైళ్లెక్కించి మెక్సికో పంపేశారు. అంచనాలు ఇంత దూరంగా ఉండటానికి కారణం, ఇందులో అధికారిక బహిష్కరణలు కొన్నే. మిగతావి కౌంటీలు, సహాయ సంస్థలు టికెట్టు కొనిచ్చో భయపెట్టో పంపినవి, వాటికి ఒకచోట లెక్క లేదు. పంపినవాళ్లలో చాలామంది అమెరికాలోనే పుట్టిన పౌరులు, అందులోనూ పిల్లలు. కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది. మెక్సికోలో పుట్టి అమెరికాలో ఉన్నవాళ్ల సంఖ్య 1930లో 6.4 లక్షలుంటే 1940కల్లా 3.8 లక్షల లోపుకు పడిపోయింది.

రేగడినేల:
ఈ మొత్తం కథకు గుండెకాయ, మెక్సికో కూలీలను కాంట్రాక్టు మీద అమెరికాకు తెచ్చిన బ్రసేరో ఒప్పందం. స్పానిష్‌లో 'బ్రాసో' అంటే చెయ్యి, బ్రసేరో అంటే చేతి కష్టం చేసేవాడు. 1942 ఆగస్టు 4న రెండు ప్రభుత్వాలు సంతకం చేశాయి, 1964 డిసెంబరు 31న ఆపేశారు. మొత్తం 46 లక్షల దాకా కాంట్రాక్టులు. జాగ్రత్త, ఇవి కాంట్రాక్టులే, మనుషుల లెక్క కాదు. ఒకే మనిషి పదేళ్లలో పదిసార్లు సంతకం పెట్టి ఉండొచ్చు.

ఎంపిక ఇలా జరిగేది. ముందు సొంత ఊరి అధికారి దగ్గర, ఇతనికి భూమి లేదు, పని లేదు అని రాసిన ఉత్తరం తెచ్చుకోవాలి. ఊరికి వచ్చే వాటా తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి మొదటి లంచం ఇక్కడే. తర్వాత చేరిక కేంద్రం. 1942లో మెక్సికో సిటీ స్టేడియంలో మొదలైంది, 1944లో గ్వాదలహారా, ఇరపువాతోలకు మారింది. మళ్లీ అదే రాష్ట్రాలు, చూశారా? తర్వాతి ఏళ్లలో కేంద్రాలను ఉత్తరాన ఎంపాల్మే, మోంతెర్రే వైపు జరిపారు, ఎందుకంటే ప్రయాణపు ఖర్చు మోయాల్సింది అమెరికా వైపు. కేంద్రం దగ్గర పేరు పిలిచేదాకా వారాల తరబడి ఆరుబయట పడిగాపులు.

లోపలికి వెళ్లాక రెండు చేతులూ చాపమనేవాళ్లు. అరచేతిని బొటనవేలితో నొక్కి కాయలు కాచాయో లేదో చూసేవాళ్లు. మెత్తటి చెయ్యి అయితే పట్నం మనిషని వెనక్కి పంపేవాళ్లు. ఆ తర్వాత ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష. సరిహద్దు దాటాక బట్టలు విప్పించి వరసలో నిలబెట్టి ఒంటి మీదా, తల మీదా డీడీటీ పొడి కొట్టేవాళ్లు. అక్కడికి రైతు సంఘాల ప్రతినిధులు వచ్చి మనుషులను ఎంచుకునేవాళ్లు.

కాగితం మీద షరతులు మంచివే. మొదట్లో గంటకు 30 సెంట్లకు తగ్గని కూలి, ఉచిత వసతి, రానుపోను ఛార్జీలు, కాంట్రాక్టు రోజుల్లో నాలుగింట మూడు వంతులకు పని గ్యారంటీ. చెడింది అమలులో. కాంట్రాక్టు ఒకే యజమానికి కట్టేసి ఉంటుంది, గొడవపడితే తిరుగు బస్సే. చాలా చోట్ల కూలి గంటకు కాక తూకానికి, తూకం కాటా యజమాని మనిషి చేతిలో. ఇక పనిముట్టు చూడండి. లెట్యూస్, చక్కెర దుంప చేలల్లో ఇచ్చిన కలుపు పార పిడి అడుగు, అడుగున్నర మించదు. కూలీలు దాన్ని 'ఎల్ కొర్తీతో', పొట్టిది అనేవాళ్లు. పొడవు పిడితో నిలబడి కలుపు తీస్తే మొక్క తెగుతుందని యజమానుల వాదన. అసలు లాభం ఏమిటంటే, ఎవరు నడుము ఎత్తారో మేస్త్రీకి దూరం నుంచే కనిపిస్తుంది. రోజంతా నడుము రెండుగా వంగి పనిచేస్తే వెన్నుపూసలు శాశ్వతంగా దెబ్బతింటాయి. కాలిఫోర్నియాలో దీన్ని నిషేధించింది 1975లో, అంటే బ్రసేరోలు ఆగిపోయిన పదేళ్లకు.

ఇంకో అన్యాయం. తొలి ఏళ్ల కాంట్రాక్టుల్లో కూలిలో 10 శాతం 'పొదుపు' పేరిట కోసి మెక్సికో బ్యాంకులకు పంపారు, ఊరికి తిరిగొచ్చాక తీసుకోవచ్చని. లక్షలమందికి అది అందలేదు. 2005లో మెక్సికో ప్రభుత్వం నిధి పెట్టి బతికున్నవాళ్లకు, వారసులకు తలా 38,000 పేసోలు ఇస్తామంది. అప్పటికి ఎంతమంది చేతుల్లో పాత కాంట్రాక్టు కాగితం మిగిలి ఉంటుంది చెప్పండి.

ఇక అందరూ దాటేసే విషయం. ఒప్పందం నడుస్తున్నప్పుడే కాగితాల్లేని కూలీలూ సమాంతరంగా వచ్చారు, వాళ్లను రప్పించుకుందీ అదే యజమానులు. 1948 అక్టోబరులో పత్తి తీతకు వంద పౌండ్లకు 3 డాలర్లు ఇవ్వాలని మెక్సికో పట్టుబట్టింది. రైతులు రెండున్నర దగ్గరే నిలబడ్డారు. అప్పుడు ఎల్ పాసో దగ్గర గేటు తెరిచి, ఒప్పందం లేకుండానే వేలమందిని లోపలికి వదిలి పొలాలకు తరలించారు. కాగితాల్లేకుండా దొరికినవాళ్లను సరిహద్దు గీత దాకా తీసుకెళ్లి, ఒక అడుగు అవతల పెట్టించి, వెనక్కి రాగానే బ్రసేరోగా రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1952 చట్టంలో అక్రమంగా వచ్చినవాళ్లకు ఆశ్రయమివ్వడం నేరమన్నారు, వెంటనే పని ఇవ్వడం ఆశ్రయం కిందికి రాదని మినహాయింపు రాశారు. టెక్సాస్ రైతుల కోసం పెట్టింది కాబట్టి దానికి ఆ రాష్ట్రం పేరే స్థిరపడింది. 1986 దాకా అది చెల్లింది. పనివాడు నేరస్థుడు, పని ఇచ్చినవాడు కాదు.

1954లో 'తడిసిన వీపు' అనే తిట్టుమాటనే పేరుగా పెట్టుకుని భారీ దాడులు చేశారు. పది లక్షలమందిని పంపామని అమెరికా వలస శాఖ చెప్పుకుంది. అదే సమయంలో బ్రసేరో కాంట్రాక్టులు 1953లో 2 లక్షలుంటే 1956లో 4.45 లక్షలకు పెరిగాయి. అంటే ఆ కూలీలను వదులుకోలేదు, కాగితం మార్చి మళ్లీ తెచ్చుకున్నారు.

తూర్పుకనుమ:
చాలా స్పష్టంగా చెప్పారు, రేగడినేల గారూ. అయితే 1964లో ఆపేశాక ఆ నాలుగు లక్షల చేతులు ఏమయ్యాయి? పంట కోత ఆగలేదు కదా?

దస్తావేజు:
ఆగలేదు. చివరి ఏళ్లలో పత్తి యంత్రాలు రావడంతో కాంట్రాక్టులు 2 లక్షల లోపుకు తగ్గిన మాట నిజమే. టమాటా కోతకూ యంత్రం వచ్చింది. కానీ ద్రాక్ష, స్ట్రాబెర్రీ, లెట్యూస్ చేతితోనే కోయాలి.

మీ రెండో ప్రశ్న ఇక్కడే వస్తుంది. 1965 హార్ట్–సెల్లర్ చట్టం 1924 నాటి జాతి కోటాలను తీసేసింది. భారతీయులకు అమెరికా తలుపు తెరుచుకుంది దానితోనే, ఇది నిజం. కానీ అదే చట్టం పశ్చిమార్ధగోళం మొత్తానికి మొదటిసారి పరిమితి పెట్టింది: ఏడాదికి 1,20,000, అమలు 1968 జులై నుంచి. 1976 సవరణతో అక్కడా దేశానికి 20,000 గరిష్ఠం వచ్చింది. పౌరుల భార్యాభర్తలు, మైనర్ పిల్లలు, తల్లిదండ్రులు మాత్రమే దీని బయట. 1950ల చివర ఏడాదికి 4 లక్షలకు పైగా తాత్కాలిక కాంట్రాక్టులు, పైన పరిమితి లేని స్థిరనివాస వీసాలు ఉండేవి. ఇరవై ఏళ్లలో తాత్కాలిక దారి దాదాపు సున్నా, శాశ్వత దారి 20,000. పొలాలు అవే, రైతులు అవే, ఊళ్లు అవే, దారి తెలిసిన మనుషులూ వాళ్లే. మారింది చేతిలో కాగితం. ఐస్‌లాండ్‌కూ మెక్సికోకూ ఒకే గరిష్ఠం పెట్టి దాన్ని సమానత్వమనడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మన పాఠకులకు ఈ లెక్క బాగా తెలుసు. 1990 చట్టం దేశానికి 7 శాతం గరిష్ఠాన్ని ఖాయం చేసింది. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లిన ఇంజనీర్లు ఉద్యోగ కోటా గ్రీన్‌కార్డుకు పదేళ్లకు పైగా 'ప్రయారిటీ డేట్' చూసుకుంటూ కూర్చునేది దీని వల్లే. అమెరికా పౌరుడి మెక్సికన్ అన్నదమ్ములకు కుటుంబ కోటాలో ఆ వరుస ఇరవై ఏళ్లు దాటింది. 'ఎందుకు లైన్లో నిలబడరు' అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఇక అక్కడ బంధువు, డిగ్రీ రెండూ లేని పొలం కూలీకి నిలబడటానికి అసలు లైనే లేదు.

గళ్లకాగితం:
1970 తర్వాత లెక్క నేను చెబుతాను. మెక్సికోలో పుట్టి అమెరికాలో ఉన్నవాళ్లు: 1970లో 7.6 లక్షలు, 1980లో 22 లక్షలు, 1990లో 43 లక్షలు, 2000లో 92 లక్షలు, 2010లో 1 కోటీ 17 లక్షలు. ఈ పెరుగుదలకు ఒక్క కారణం చెప్పేవాళ్లను నమ్మకండి.

జనాభా మొదటిది. 1970 ప్రాంతంలో మెక్సికోలో స్త్రీకి సగటున ఆరేడుగురు పిల్లలు. వాళ్లు పనీడుకు వచ్చేసరికి దేశం వరసగా కూలింది: 1976లో పేసో విలువ తగ్గింపు, 1982 ఆగస్టులో అప్పుల సంక్షోభం, 1994 డిసెంబరులో మళ్లీ పేసో పతనం. ఈ చివరిసారి డాలర్‌కు మూడున్నర పేసోలున్నది మూడు నెలల్లో ఏడు దాటింది. డాలర్ కూలి విలువ ఊళ్లో ఒక్కసారిగా రెట్టింపైనట్టే.

అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్తా 1994 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొక్కజొన్నకు 15 ఏళ్ల గడువు ఇచ్చారు: ఏటా 25 లక్షల టన్నులు సుంకం లేకుండా, ఆపైన దిగుమతికి భారీ సుంకం, అది 2008కి సున్నా. మెక్సికో ప్రభుత్వం చౌక ధాన్యం కోసం ఆ పైసుంకాన్ని చాలావరకు వసూలే చేయలేదు. కాగితం మీది 15 ఏళ్ల రక్షణ రైతుకు ఒకటి రెండేళ్లు కూడా దక్కలేదు. అంతకుముందే 1992లో రాజ్యాంగం 27వ అధికరణం సవరించి ఊరుమ్మడి 'ఎహీదో' భూములు అమ్ముకోవచ్చన్నారు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కుప్పకూలడంతో కాఫీ ధర పడిపోయింది. తూర్పుకనుమ గారు అడిగిన ఓహాకా, చియాపస్, వాటితోపాటు వెరాక్రూస్ పెద్దఎత్తున కదిలింది ఈ దెబ్బల తర్వాతే. అయినా 1970, 80ల పెరుగుదలకు నాఫ్తా కారణం కాలేదు, అప్పటికి అది లేదు.

1986 చట్టం 27 లక్షలమందికి కాగితాలిచ్చింది, అత్యధికులు మెక్సికన్లు. 1982 జనవరి 1కి ముందు నుంచీ ఉన్నట్టు, లేదా 1986 మే 1తో ముగిసిన ఏడాదిలో 90 రోజులు పొలం పని చేసినట్టు రుజువు చూపాలి. యజమానికి జరిమానాలూ పెట్టారు. కానీ చూపిన కాగితం చూడ్డానికి అసలైనదిలా ఉంటే చాలు, అంతకుమించి తనిఖీ చేసే బాధ్యత యజమానికి లేదు. ఫలితం, దొంగ కార్డుల బజారు.

తర్వాత 1993లో ఎల్ పాసోలో, 1994లో శాన్ డియెగోలో గస్తీ గట్టి చేశారు. జనం అరిజోనా ఎడారి దారి పట్టారు, వందల్లో చనిపోయారు. దారి చూపే 'కొయోతె'ల ధర వందల డాలర్ల నుంచి వేలకు పోయింది. ఇంత ఖర్చు పెట్టి, ప్రాణం పణం పెట్టి వచ్చినవాడు పంట అయ్యాక ఊరికి పోడు, మళ్లీ రాలేడు కాబట్టి. ఏటా వచ్చిపోయే మగవాళ్ల వలస కుటుంబాల స్థిరనివాసంగా మారింది. రాకను ఆపుదామని కట్టిన గోడ పోకను ఆపింది.

తూర్పుకనుమ:
అరెస్టుల గ్రాఫ్ ఒకటి దొరికింది, 1986లో ఒక శిఖరం, 2000లో ఒక శిఖరం. వలస పెరుగుదలకు దాన్నే చూపించవచ్చా?

గళ్లకాగితం:
వద్దండీ. అది పట్టుకున్న సార్ల లెక్క, మనుషుల లెక్క కాదు. 2000లో నైరుతి సరిహద్దులో 16 లక్షలకు పైగా అరెస్టులు. పట్టుకుని, వేలిముద్ర తీసుకుని, అదే రాత్రి వంతెన దాటిస్తే రేపు మళ్లీ ప్రయత్నిస్తాడు. ఒక్కడే మూడుసార్లు లెక్కలోకి వస్తాడు. గస్తీ సిబ్బందిని పెంచినా అరెస్టులు పెరుగుతాయి. పైగా అరెస్టుల లెక్కలో ఏడాది అంటే అంతకుముందు అక్టోబరు 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరం, జనగణన ఏడాదితో కలిపి గీస్తే గీతలు జరుగుతాయి. జనగణనలో మెక్సికోలో పుట్టినవాళ్ల సంఖ్యను ఆధారంగా పెట్టి, అరెస్టుల్ని వేరే గీతగా చూపించండి.

2007 తర్వాతి భాగం తప్పక చేర్చండి. ఇళ్ల నిర్మాణం కుప్పకూలింది, మెక్సికోలో కాన్పులు సగటున రెండు దగ్గరికి దిగాయి, 2009–14 మధ్య వచ్చినవాళ్ల కంటే తిరిగి వెళ్లినవాళ్లే ఎక్కువ. కాగితాల్లేని మెక్సికన్లు 2007లో 69 లక్షల దాకా ఉంటే 2022కి 40 లక్షల దగ్గరకు తగ్గారు.

రేగడినేల:
ఒక్క చేర్పు. పొలం పనిలో పెరుగుతున్న భాగం ఇప్పుడు హెచ్-2ఏ వీసా మీద నడుస్తోంది. 1952 చట్టంలోని హెచ్ తరగతికే చెందింది, మనవాళ్ల హెచ్-1బీకి తోబుట్టువు, కానీ దీనికి వార్షిక పరిమితి లేదు. 2007లో 50 వేల దాకా ఉన్న వీసాలు 2023లో 3 లక్షలు దాటాయి, పదింట తొమ్మిది మెక్సికన్లకే. నిబంధనలు చదివితే ఉచిత వసతి, రానుపోను ఛార్జీలు, ఒకే యజమాని, నాలుగింట మూడు వంతుల రోజులకు పని గ్యారంటీ అని ఉంటుంది. 1942 కాంట్రాక్టు పక్కన పెట్టి చదవండి.